గొంతెందుకు బొంగురుపోయిందని నేను అడగలేదు

(మహిళలపై హింసను నిర్మూలించాలని ప్రపంచమంతా పాటించే రోజు నవంబర్ 25 సందర్భంగా విశాఖపట్నం కంచరపాలెంలో జరిగిన మహిళల సభలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, చాపలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే.

నేను 31 ఏళ్ళు నర్సుగా చేశాను. ఎక్కువ కాలం క్యాజువాలిటీలో, కొన్నేళ్ళు కాలిన గాయాల వార్డులో. రిటైరయ్యాక కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రంలో వారానికి మూడు రోజులు కూర్చుంటున్నాను. ఇవాళ మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇంట్లో జరిగే హత్య ఉన్నట్టుండి జరగదు. అది నడిచి వస్తుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంది. ఆ మెట్ల చప్పుడు ఇంట్లోవాళ్ళకి వినిపిస్తుంది, పక్కింటివాళ్ళకి వినిపిస్తుంది, మాలాంటి ఆసుపత్రివాళ్ళకీ వినిపిస్తుంది. విని ఊరుకుంటాం.

పేపర్లో ఎలా రాస్తారో చూడండి. "క్షణికావేశంలో భార్యను హతమార్చిన భర్త." క్షణికం అంటే క్షణంలో పుట్టి క్షణంలో పోయేది కదా. మూడేళ్ళుగా కొడుతున్నవాడు, మూడు నెలలుగా "నిన్ను బతకనివ్వను" అంటున్నవాడు, ఆ రోజు పొద్దున్నే రమ్మని ఫోన్ చేసి పిలిపించినవాడు చేసిన పనిని క్షణికావేశం అని రాస్తే, ఆ మూడేళ్ళూ ఎవరి లెక్కలోకి పోయినట్టు?

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఊరూ వాడా, పనీపాటా కూడా మార్చి చెబుతున్నాను, వాళ్ళమ్మకి మాటిచ్చాను. 23 ఏళ్ళు. జగదాంబ దగ్గర బట్టల షాపులో సేల్స్‌గాళ్. భర్తది ఆటోనగర్‌లో వెల్డింగు పని. ఇష్టపడి చేసుకున్నారు, తర్వాత పెద్దలు కలిశారు.

మొదటిసారి వచ్చినప్పుడు మోచెయ్యి వాచి ఉంది. బాత్రూంలో జారిపడ్డానంది. అంది అంటున్నాను గానీ, ఆ మాట అన్నది భర్త. నేనేం అడిగినా అతనే జవాబు చెప్పాడు. ఎక్స్‌రేకి తీసుకెళ్ళడం, మందులు తేవడం, ఆటో పిలవడం, అన్నీ అతనే. పక్కనున్న ఆయా "ఎంత బాగా చూసుకుంటున్నాడో" అంది. నాకూ అలాగే అనిపించింది. భార్య నోరు తెరవకుండా మొగుడే మాట్లాడితే ఆమెను కాసేపు పక్కకు తీసుకెళ్ళి అడగాలని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎక్స్‌రే గదిలోకి అతన్ని రానివ్వరు కదా, ఆ రెండు నిమిషాలు చాలు.

రెండోసారి నాలుగు నెలల తర్వాత ఒంటరిగా వచ్చింది. రాత్రి తొమ్మిది దాటింది, షాపు మూసేశాక వచ్చింది. గొంతు నొప్పి, మింగుడు పడటం లేదు మేడమ్ అంది. గొంతు బొంగురుగా ఉంది. కళ్ళల్లో సన్నటి ఎర్ర చుక్కలు. మెడ మీద ఏ గుర్తూ లేదు. చలికాలం, ఊళ్ళో సగం మందికి గొంతునొప్పులు. డాక్టరుగారు మాత్రలు రాశారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమని నేను చెప్పాను. ఆ పిల్ల వెళ్ళలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ బల్ల దగ్గర నిలబడింది. "ఇంకేమైనా ఉందామ్మా?" అన్నాను. "ఏం లేదు మేడమ్" అంది. వెనకాల వరస ఉంది. తర్వాతివాళ్ళని రమ్మన్నాను.

మూడోసారి ఆరు వారాలకి పోలీసు బండిలో తీసుకొచ్చారు. అప్పటికే అయిపోయింది.

తర్వాత తెలిసింది. చనిపోడానికి ఎనిమిది రోజుల ముందు పుట్టింటికి వచ్చేసిందట. అతను ఫోన్ చేశాడు. "నీ సర్టిఫికెట్లు ఇక్కడే ఉన్నాయి, ఒక్కసారి వచ్చి తీసుకుపో, మళ్ళీ నీ జోలికి రాను" అన్నాడు. వెళ్ళింది. వాళ్ళమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూలబడి నాతో ఒక మాటంది. "మనింటికొచ్చేసినాది కదా నర్సమ్మా, గండం గడిచిపోనాది అనుకున్నాం."

ఆ మాట నన్ను వదల్లేదు. రిటైరయ్యాక దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అని ఒకావిడ ఉన్నారు. ఆవిడా నర్సే. మాలాగే గాయాలు చూస్తూ, ఇలాంటి ఆడవాళ్ళలో ఎవరికి ప్రాణం మీదికి వస్తుందో ముందే పసిగట్టగలమా అని ఆలోచించి, 1985లో ఒక ప్రశ్నల జాబితా తయారుచేశారు. ఇప్పటి రూపంలో అందులో 20 ప్రశ్నలున్నాయి. కొట్టడం ఈ మధ్య ఎక్కువైందా? చంపుతానని బెదిరించాడా? నిజంగా చంపగలడని నీకు అనిపిస్తోందా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఎప్పుడైనా గొంతు నొక్కాడా? రోజంతా నువ్వెక్కడున్నావో కనిపెడుతుంటాడా? నువ్వు విడిచి వచ్చేశావా?

ఆ గొంతు ప్రశ్న దగ్గర ఆగుదాం. అమెరికాలోనే 2008లో వచ్చిన అధ్యయనం ఒకటి చెబుతోంది. భర్తో, తోడున్నవాడో ఒకసారి గొంతు నొక్కిన ఆడదానికి, ఆ తర్వాత అతని చేతిలోనే చనిపోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. చెంపదెబ్బ కొట్టినవాడు నొప్పి పెట్టాలనుకున్నాడు. గొంతు మీద చెయ్యి వేసినవాడు నీ ఊపిరి తన గుప్పిట్లో ఉందని నీకు చూపించాడు. రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. గొంతు నొక్కితే మెడ మీద గుర్తులు ఉంటాయనుకుంటాం. సగం మందికి పైకి ఏమీ కనిపించదు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్ళల్లో ఎర్ర చుక్కలు, తల తిరగడం, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, బట్టల్లోనే మూత్రం పోవడం. ఇవీ గుర్తులు. లోపల మెడ రక్తనాళం దెబ్బతింటే కొన్ని గంటలకో, కొన్ని రోజులకో ప్రాణం మీదికి రావచ్చు. అంచేత మీ కూతురికి గానీ, తోడికోడలికి గానీ, పక్కింటి అమ్మాయికి గానీ ఇలా జరిగిందని తెలిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "గొంతు నొక్కాడు" అని ఆ మాటే చెప్పి రాయించండి. గొంతు నొప్పి అని చెప్పకండి. గొంతు నొప్పి అంటే మాత్రలు రాస్తారు. నేను ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను.

(కాసేపు ఆగారు. నీళ్ళు తాగారు.)

కొంతమంది అడుగుతారు, ప్రతి ఇంట్లోనూ గొడవలుంటాయి కదా, అన్నీ హత్యల దాకా పోతాయా అని. పోవు. నా ఇంట్లోనూ గొడవలయ్యాయి. గొడవంటే ఇద్దరూ అరుచుకుంటారు, ఇద్దరూ అలుగుతారు, ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు మాట కలుపుతారు. నేను చెప్పేది అది కాదు. వీధి చివర అతని బండి చప్పుడు వినగానే పిల్లలు టీవీ ఆపేసి పుస్తకాలు తీస్తే, ఆ ఇంట్లో జరిగేది గొడవ కాదు, భయం. అతనికి ఫోన్ పాస్‌వర్డ్ చెప్పాలి. జీతం పడగానే ఏటీఎం కార్డు ఇచ్చెయ్యాలి. షాపులో ఉన్నప్పుడు వీడియో కాల్ చేసి చుట్టూ చూపించమంటాడు. అక్కతో మాట్లాడితే తప్పు, ఎదురింటివాళ్ళతో నవ్వితే తప్పు. దీన్ని మనవాళ్ళు ప్రేమ అంటారు, లేకపోతే అనుమానం అంటారు. అనుమానం పెనుభూతం అని సామెత కూడా ఉంది మనకి, భూతం పట్టినవాడి తప్పేమీ లేనట్టు. అదేం భూతం కాదమ్మా. ఈవిడ నా సొత్తు అన్న నమ్మకం. సొత్తు చేజారిపోతోందని అనిపించిన రోజున ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న.

బ్రిటన్‌లో ఒక పరిశోధకురాలు ఇలాంటి 372 హత్యల్ని తవ్వి చూసి, 2019లో ఎనిమిది మెట్లుగా చెప్పారు. మొదట్లో అతని పాత చరిత్ర, తొందరగా ముడిపడిన బంధం, తర్వాత ఆమె మీద పెత్తనం. ఆ పెత్తనానికి దెబ్బ తగిలేది ఏదో జరుగుతుంది. ఎక్కువసార్లు ఆమె విడిచి వెళ్ళడమో, వెళ్తానని చెప్పడమో. అక్కణ్ణించి వేగం పెరుగుతుంది. బతిమాలతాడు, చస్తానంటాడు, వెంటపడతాడు. తర్వాత మనసులో తీర్మానం చేసుకుంటాడు, ఏర్పాట్లు చేసుకుంటాడు. చివరి మెట్టు మీకు చెప్పక్కర్లేదు. దేశం వేరు, భాష వేరు. చదువుతుంటే నాకు మాత్రం మన వీధులే కనబడ్డాయి.

అందుకే ఆ తల్లి మాట గురించి చెప్పాను. పుట్టింటికి వచ్చేసిందంటే గండం గడిచినట్టు కాదు. అప్పుడే గండం. ఆ వారాలు, ఆ నెలలు కళ్ళల్లో ఒత్తులేసుకుని కాపాడుకోవాలి. "చివరిసారి ఒక్కసారి మాట్లాడదాం రా" అంటే ఒంటరిగా పంపకండి. బీచ్‌కైనా సరే, గుడికైనా సరే, సింహాచలం కొండకైనా సరే. సర్టిఫికెట్లు, నగలు, బట్టలు కావాలంటే పోలీసుల్ని తోడు తీసుకుని నలుగురు వెళ్ళి తెచ్చుకోండి, లేదా వదిలెయ్యండి. డూప్లికేట్ సర్టిఫికెట్ యూనివర్సిటీ ఇస్తుంది.

ఇక పెద్దమనుషుల సంగతి. వాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. "ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపు" అంటారు. రామాలయం అరుగు మీద ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మంచి సామెతే. కలహానికి చెప్పిన సామెత అది, పీక నొక్కినదానికి చెప్పింది కాదు. ఆ అరుగు మీద ఏం జరుగుతుందో చూడండి. అతన్ని పదిమందిలో నిలబెడతారు. చీవాట్లు పెడతారు. ఇకమీదట చెయ్యెత్తను అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఆ పిల్లకి "సర్దుకుపో తల్లీ, ఆడపిల్లకి ఓర్పుండాలి" అని చెప్పి, అదే సాయంత్రం అదే బండి వెనకాల ఎక్కించి పంపేస్తారు. ఆ రాత్రి తలుపేసుకున్నాక ఏమంటాడు? "పదిమందిలో నా పరువు తీస్తావా?" పెద్దమనుషులు ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని పడుకుంటారు. స్టాంపు కాగితం బీరువాలో ఉంటుంది. కౌన్సెలింగ్‌కి వచ్చిన ఆడవాళ్ళు నాతో ఎన్నోసార్లు చెప్పిన మాట ఇది. అన్ని దెబ్బల్లోకీ ఆ రాత్రి తిన్న దెబ్బలే ఎక్కువని.

పెద్దమనుషుల్నే అనడం కూడా న్యాయం కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళకి ఏడు కారణాలు చదివి వినిపించి, వీటికి భర్త కొడితే సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చెయ్యకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, అలాంటివి. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది ఆడవాళ్ళు కనీసం ఒక కారణానికి అవును, కొట్టొచ్చు అన్నారు. నూటికి 84. ఈ చాపల మీద కూర్చున్న మనం కూడా అందులో ఉన్నాం. అదే సర్వేలో ఇంకో అంకె. దేశంలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళలో నూటికి 14 మందే సాయం అడిగారు. 77 మంది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద రోజుకి 140 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు భర్తో, తోడున్నవాడో, సొంత కుటుంబంలోవాళ్ళో చంపితే చనిపోయారు. బయటివాడి చేతిలో కాదు.

ఎవరికీ చెప్పకపోవడం అంటే ఏమిటో కాలిన గాయాల వార్డులో చూశాను. కిరోసిన్ స్టవ్వుల రోజులు అవి. ఎవర్ని అడిగినా "స్టవ్ పేలింది" అనేవాళ్ళు. తల వెంట్రుకలు కిరోసిన్‌తో తడిసి ముద్దయి ఉండేవి. స్టవ్ పేలితే తల మీద నుంచి కిరోసిన్ ఎలా కారుతుంది? మరణ వాంగ్మూలం తీసుకోడానికి మెజిస్ట్రేట్ వచ్చేసరికి, మంచం కాళ్ళ దగ్గర అత్తగారు బిడ్డని ఎత్తుకుని నిలబడేది. ఆ తల్లి బిడ్డ వైపు చూసి "స్టవ్ పేలింది బాబూ" అనేది. తను పోతే బిడ్డ ఆ చేతుల్లోనే పెరగాలి కదా.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను, కరపత్రంలో వివరంగా ఉంది. 2005 గృహహింస చట్టం, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు మొగుడి పేరున ఉన్నా అత్తగారి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆ చట్టం ఇస్తుంది. అవసరమైతే అతన్నే బయటికి వెళ్ళమని మెజిస్ట్రేట్ చెప్పొచ్చు. దగ్గరికి రావద్దని రక్షణ ఉత్తర్వు ఇస్తే, దాన్ని మీరడం నేరం, ఏడాది దాకా జైలు. భర్తా, అత్తింటివాళ్ళూ హింసిస్తే పెట్టే పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కట్నం వేధింపులతో చనిపోతే అది సెక్షన్ 80. చంపాలని గొంతు నొక్కితే అది సెక్షన్ 109 కింద హత్యాయత్నం. స్టేషన్‌లో దాన్ని "చిన్న గొడవ" అని రాయబోతే ఒప్పుకోకండి.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా పోలీసులు వెంటనే అరెస్టు చెయ్యరు, నోటీసు ఇచ్చి పంపుతారు. అంటే పొద్దున్న మీరు ఫిర్యాదు ఇస్తే సాయంత్రానికి అతను ఇంట్లో ఉండొచ్చు, రెట్టింపు కోపంతో. ఫిర్యాదు ఇవ్వొద్దని కాదు. ఇచ్చే ముందు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో ఖాయం చేసుకోండి. పుట్టిల్లు దూరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, కొన్నాళ్ళు ఉండనిస్తారు. ప్రాణం మీదికి వస్తే 112.

కొడుకుల గురించి కూడా అనాలి. ఇక్కడ ముసలమ్మలు చాలామంది కనిపిస్తున్నారు. ఒకటో తారీఖున పింఛను 4,000 రూపాయలు చేతికి రాగానే కొడుకు లాక్కుపోతాడు. ఇల్లు రాసివ్వమంటాడు. గంజాయి, మందు. మొదట తిడతాడు, తర్వాత గిన్నెలు విసురుతాడు, తర్వాత తోస్తాడు. తల్లి మాత్రం "నా బిడ్డేనమ్మా, పోలీసులకి ఎలా పట్టిస్తాను" అంటుంది. మొగుడి విషయంలో చెప్పిన మెట్లే ఇక్కడా ఉన్నాయి. తల్లిదండ్రుల కోసం 2007లో వేరే చట్టం వచ్చింది, ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా.

(సభలో ఒకావిడ: పక్కింట్లో కొడుతుంటే మనం వెళ్తే మన మీదికే వస్తారు కదండీ?)

నిజమే, వస్తారు. మీరు వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టమని చెప్పను. మన కేంద్రానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళు ఏం చేశారో చెబుతాను. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు వాళ్ళవి. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. "వదినా, ఇడ్లీ రవ్వ ఉందా?" అని దెబ్బలు తినే ఆవిడ నుంచి మెసేజ్ వస్తే, పక్కింటి ఈవిడ ఇంకేమీ అడగకుండా 112కి ఫోన్ చెయ్యాలి. ఆధార్ కార్డు, పిల్లల పుస్తకాలు, రెండు జతల బట్టలు ఉన్న సంచీ ఈవిడ బియ్యం డబ్బా వెనకాల పెట్టుకున్నారు. ఒక రాత్రి పదకొండున్నరకి ఆ మెసేజ్ వచ్చింది. అర్ధరాత్రి ఇడ్లీ రవ్వ ఏమిటని ఈవిడ భర్త అన్నాడట. ఈవిడ ఫోన్ చేసేసింది. ఆవిడ ఇవాళ బతికే ఉంది. ఈ సభలోనే ఉంది, ఎక్కడ కూర్చుందో చెప్పను.

మీకు అంత ధైర్యం లేకపోతే ఏదో వంకతో తలుపు కొట్టండి. కరెంటు పోయిందా మీకూ అని అడగండి. నీళ్ళ టాంకు పొంగుతోందని చెప్పండి. బయటి మనిషి గొంతు వినపడితే చాలాసార్లు ఎత్తిన చెయ్యి దిగుతుంది. మర్నాడు అతను లేనప్పుడు వెళ్ళి ఆ అమ్మాయిని అడగండి. "ఎందుకు కొట్టాడు" అని అడగొద్దు, అలా అడిగితే ఆ పిల్ల తన తప్పు వెతుక్కుంటుంది. "ఎప్పుడైనా పీక పట్టుకున్నాడా" అని అడగండి. "చంపుతానన్నాడా, చంపుతాడని నీకనిపిస్తోందా" అని అడగండి. అవునంటే నమ్మండి. లేదంటే మళ్ళీ వారం అడగండి.

నా టైము అయిపోయినట్టుంది, చీటీ పంపారు. టీ తెస్తున్నారు. మైకు ఇచ్చేస్తాను. ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే వెనక గదిలో రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుంటాను. పేరు అడగను, ఏదీ రాసుకోను. గేటు బయట బండి మీద ఎవరైనా మీకోసం ఎదురు చూస్తుంటే, అలాంటివాళ్ళు ముందు రండి. వంటగది పక్క తలుపు తీసే ఉంచాం, టీ గ్లాసు పట్టుకుని అటుగా వచ్చేయండి.